కిడ్నీ రాయికి లేజర్ చేయించుకునే ముందు పోల్చి చూసుకోవడం ఎలా

రాజమండ్రిలోనో, కాకినాడలోనో, భీమవరంలోనో ఆస్పత్రులుండే వీధిలో నాలుగడుగులు వేస్తే చాలు, ‘కోత లేకుండా లేజర్‌తో కిడ్నీ రాళ్లు’ అన్న బోర్డు కనిపిస్తుంది. ఒకరు హోల్మియం అంటారు, ఎదురింటివారు థూలియం అంటారు, ఇంకొకరు వాట్లు చెబుతారు. పేషెంటు మాత్రం స్కానింగ్ కాగితం చేతిలో పట్టుకుని ‘లేజర్‌కి ఎంతవుద్దండి?’ అని ఊరుకుంటాడు. మొదట అడగాల్సింది అది కాదు.

లేజర్ అన్నది ఆపరేషన్ పేరు కాదు, పనిముట్టు పేరు. కొడవలి పదునెంతో చూసుకునే ముందు చేను ఎక్కడుంది, ఎన్ని సెంట్లు, గట్టు మీంచి దారుందా లేదా అని చూసుకుంటాం కదా, ఇదీ అంతే. మీ రాయి ఎలాంటిది, దాని దగ్గరికి ఏ దారిన వెళ్తారు, ఆ రెండూ తేలాకే ఏ లేజర్ అన్నది. ఈ వరస తిరగబడితే ఖరీదైన లేజర్‌కి డబ్బు కట్టి తప్పు దారిన వెళ్లినట్టవుతుంది.

ముందు, ఇది ఆగే వ్యవహారమేనా?

డొక్కలో నొప్పితో పాటు చలి, వణుకు, 38 డిగ్రీలు, అంటే మన థర్మామీటరులో 100.4 దాటిన జ్వరం ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ఆస్పత్రికి బయలుదేరండి. రాయి అడ్డుపడి, పైన నిలిచిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే కొన్ని గంటల్లోనే రక్తానికి పాకుతుంది. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, ఉన్నది ఒక్క కిడ్నీయే అయినా, గర్భిణికి ఈ నొప్పి వచ్చినా అదే తొందర.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఇన్ఫెక్షన్ ఉన్న రోజు రాయి జోలికి పోకూడదు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే మూత్రనాళంలో స్టెంటు అనే సన్నటి గొట్టం పెట్టో, వీపు నుంచి కిడ్నీలోకి సన్నగొట్టం వేసో నిలిచిన మూత్రాన్ని దించి, యాంటీబయాటిక్స్ ఇచ్చి, ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాక రాయి సంగతి చూస్తారు. ‘రాయి తియ్యమంటే పైపు వేసి పంపేశారు’ అని గొడవపడకండి. ఆ రోజు చేయాల్సింది అదే. అలాంటప్పుడు వెంటనే లేజర్ చేసేస్తామన్నవాళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

రిపోర్టులో అయిదు సంగతులు రాసుకోండి

అల్ట్రాసౌండ్ స్కానింగ్ ఒక్కటే పెట్టుకుని ఆపరేషన్ తేల్చుకోవద్దు. చిన్న రాయిని అది ఉన్నదానికంటే పెద్దగా చూపించడం మామూలే. 5 మిల్లీమీటర్ల రాయి 7గా, 8గా కనిపిస్తుంది. మూత్రనాళం మధ్యలో ఇరుక్కున్న రాయి దానికి చిక్కకపోవచ్చు కూడా. కావాల్సింది ప్లెయిన్ సీటీ కేయూబీ, అంటే రంగు మందు ఎక్కించకుండా కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా తీసే సీటీ. తక్కువ డోసులో తీయమని అడగొచ్చు. రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా సీడీ కూడా తీసుకోండి. యూరాలజిస్టు కాగితం కంటే బొమ్మలే చూస్తారు. సీడీ ఉంటే రెండో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మళ్లీ సీటీ ఖర్చు తప్పుతుంది.

రిపోర్టు నుంచి ఇవి ఎత్తి రాసుకోండి: రాయి పొడవు మిల్లీమీటర్లలో, అది ఉన్న చోటు, హెచ్‌యూ అని పక్కన రాసే, రాయి గట్టితనం తెలిపే అంకె, కిడ్నీకి వాపుందా లేదా, రెండో కిడ్నీ ఎలా ఉంది. హెచ్‌యూ లేకపోతే సీటీ సెంటరువాళ్లనే అడగండి, బొమ్మ మీద కొలిచి చెప్పడం వాళ్లకు నిమిషం పని.

ఉదాహరణకి ఒక కాగితం చూద్దాం: ‘రైట్ కిడ్నీ, లోవర్ కేలిక్స్, 11 ఎం.ఎం., 1150 హెచ్‌యూ, నో హైడ్రోనెఫ్రోసిస్’. కుడి కిడ్నీలో అన్నిటికంటే కింద ఉన్న చిన్న గిన్నెలాంటి అరలో, సెంటీమీటరు పైచిలుకు రాయి. 1150 అంటే గట్టి రాయి, ఎక్కువగా కాల్షియం ఆక్సలేట్ రకమే అయి ఉంటుంది. కిడ్నీకి వాపు లేదు, అంటే తొందర లేదు. నలుగురిని అడిగి, నెల రోజులు ఆలోచించుకుని తేల్చుకోగలిగిన కేసు ఇది. ఇదే 11 మిల్లీమీటర్ల రాయి మూత్రనాళంలో ఇరుక్కుని పైన వాపు తెచ్చి ఉంటే అంత తీరిక ఉండదు. అంకె ఒక్కటే అయినా చోటు మారితే లెక్క మొత్తం మారిపోతుంది.

పొడవు విషయంలో ఇంకొక లెక్క. 10 మిల్లీమీటర్ల గుండ్రటి రాయి ఘనపరిమాణం సుమారు అర సీసీ. 20 మిల్లీమీటర్లదైతే రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు, నాలుగు సీసీలకు పైగా. లేజర్ కొట్టాల్సింది ఆ ఘనాన్ని. 2 సెంటీమీటర్లు దాటగానే డాక్టర్లు వేరే దారి మాట ఎందుకెత్తుతారో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

అసలు లేజర్ అవసరమా?

మూత్రనాళంలోకి జారిన రాయి 4, 5 మిల్లీమీటర్ల లోపుంటే ఎక్కువమందికి దానంతటదే పడిపోతుంది. 5 నుంచి 10 మధ్యలో ఉంటే సగం సగం అనుకోండి. నొప్పి మాత్రలకు లొంగుతూ, జ్వరం లేకుండా, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష బాగుంటే నాలుగు నుంచి ఆరు వారాలు చూడొచ్చు. కింది భాగంలో ఉన్న రాయికి రోజూ రాత్రి టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు రాస్తారు. అది బీపీని కొంచెం తగ్గిస్తుంది కాబట్టి వేసుకున్నాక మంచం మీంచి గబుక్కున లేవకూడదు. నొప్పి పోయింది కదా అని రాయి పోయిందనుకోవడం ప్రమాదం. నాళం పూర్తిగా మూసుకుపోయినా కొన్నాళ్లకు నొప్పి తగ్గుతుంది, కిడ్నీ మాత్రం లోలోపల దెబ్బతింటూ ఉంటుంది. రాయి పడిపోవడం కంటితో చూడకపోతే మళ్లీ స్కానింగ్ చేయించాల్సిందే.

హెచ్‌యూ 500 లోపుండి, ఎక్స్‌రేలో రాయి కనపడకుండా సీటీలో మాత్రమే కనపడితే అది యూరిక్ యాసిడ్ రాయి కావచ్చు. ఈ రకం మందుతో కరుగుతుంది. పొటాషియం సిట్రేట్ లాంటి మందుతో మూత్రం పీహెచ్‌ను, అంటే పులుపు గుణం కొలిచే అంకెను, 6.5, 7 దగ్గర నిలబెట్టి, నెలా రెండు నెలలు ఓపిక పట్టాలి. పీహెచ్ చూసే కాగితపు పట్టీలు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. షుగరు, గౌటు ఉన్నవాళ్లలో ఈ రకం ఎక్కువ. వాళ్లు లేజర్ తేదీ ఖాయం చేసుకునే ముందు ‘ఇది కరిగే రకమేమోనండీ’ అని ఒక్కసారి అడగడం న్యాయం.

కాల్షియం రాయి మాత్రం ఏ మందుకీ కరగదు. కొండపిండాకు కషాయం, అరటి దూట రసం, ఉలవకట్టు అంటూ మన ఇళ్లలో వాడేవన్నీ వాటితో తాగే నీటి వల్ల మూత్రం ధారగా వచ్చేలా చేస్తాయి, చిన్న రాయి అలా పడిపోతే పేరు ఆకుకి వస్తుంది. 12 మిల్లీమీటర్ల గట్టి రాయికి ఆర్నెల్లు కషాయం తాగుతూ కూర్చుంటే ఈలోగా కిడ్నీ వాచిపోవచ్చు.

నాలుగు దారులు

మొదటిది బయటి నుంచి షాక్ తరంగాలు, ఈఎస్‌డబ్ల్యూఎల్. దీన్నీ మనవాళ్లు లేజరే అంటారు గానీ ఇందులో లేజర్ లేదు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మనుషుల మీద మొదలైంది. మత్తు, ఆస్పత్రి బస దాదాపు ఉండవు. రాయి 1 సెంటీమీటరు అటూ ఇటూ ఉండి, హెచ్‌యూ 1000 లోపుండి, మనిషి మరీ లావు కాకపోతే మంచి దారి. గట్టి రాయికీ, కింది అరలో రాయికీ ఫలితం తగ్గుతుంది. పగిలినా ముక్కలు పైకెక్కి బయటికి రావు. గర్భిణులకు, రక్తం పలచబడే మందులు ఆపలేనివాళ్లకు చేయరు.

రెండోది యూఆర్‌ఎస్: మూత్రం వచ్చే దారినే సన్నటి బిరుసు గొట్టాన్ని మూత్రనాళంలోకి పంపి రాయిని లేజర్‌తో కొట్టడం. మూత్రనాళంలో ఉన్న రాయికి, అందులోనూ కింది సగంలో ఉన్నదానికి, దీన్ని మించింది లేదు. మూడోది ఆర్‌ఐఆర్‌ఎస్. ఇందులో వంగే గొట్టం కిడ్నీలోని అరల దాకా వెళ్తుంది. కిడ్నీలో 2 సెంటీమీటర్ల లోపు రాళ్లకు ఇది. నాలుగోది పీసీఎన్‌ఎల్: వీపు పక్క నుంచి చిన్న రంధ్రం చేసి నేరుగా కిడ్నీలోకి వెళ్లడం. 2 సెంటీమీటర్లు దాటినవాటికి, కొమ్మలు వేసిన రాళ్లకు ఇదే. రెండు మూడు రోజులు ఆస్పత్రిలో ఉండాలి, రక్తం పోయే అవకాశం మిగతావాటికంటే ఎక్కువ, కానీ ఒక్కసారికే కిడ్నీ ఖాళీ అయ్యే అవకాశమూ దీనికే ఎక్కువ. పెద్ద రంధ్రంతో చేసేటప్పుడు గాలి ఒత్తిడితో కొట్టే సుత్తి లాంటి పనిముట్టు, అల్ట్రాసోనిక్ పనిముట్టు లేజర్ కంటే తొందరగా పని కానిస్తాయి. లేజర్ ఉపయోగపడేది ఇంకా చిన్న రంధ్రంతో చేసే మినీ పీసీఎన్‌ఎల్‌లో. ‘లేజర్ పీసీఎన్‌ఎల్’ అన్న మాట విని ఎక్కువ డబ్బు కట్టనక్కర్లేదు.

3 సెంటీమీటర్ల రాయికి ‘కోతే వద్దండీ’ అంటూ ఆర్‌ఐఆర్‌ఎస్ పట్టుబట్టి చేయించుకునేవాళ్లుంటారు. చేయొచ్చు, చేసేవాళ్లూ ఉన్నారు. కానీ రెండు మూడు విడతలు పడుతుంది, ప్రతి విడతకీ మత్తు, స్టెంటు, బిల్లు. చిన్న మచ్చ తప్పించుకోవడానికి మూడుసార్లు థియేటర్‌కి వెళ్లడం లాభమో నష్టమో లెక్క వేసుకోండి.

మన 11 మిల్లీమీటర్ల కింది అర రాయి సంగతికొస్తే, గట్టిది, కింద ఉన్నది, కాబట్టి షాక్ తరంగాలు అంతగా పనికిరావు. ఆర్‌ఐఆర్‌ఎస్ ముందుంటుంది, కింది అరకి వెళ్లే మలుపు మరీ వంకరగా, సన్నగా ఉంటే మినీ పీసీఎన్‌ఎల్ మాట వస్తుంది. ఆ మలుపు ఎలా ఉందో సీటీ బొమ్మలో చూసి చెప్పమని అడగండి.

ఇప్పుడు లేజర్లు

మన దగ్గర వాడుకలో ఉన్నవి ముఖ్యంగా రెండు. హోల్మియం లేజర్ 1990లలో వచ్చింది, తరంగదైర్ఘ్యం దాదాపు 2100 నానోమీటర్లు. థూలియం ఫైబర్ లేజర్ కొత్తది, 1940 నానోమీటర్లు. రెండు కిరణాలనూ నీరు పీల్చేసుకుంటుంది. థూలియాన్ని సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా పీలుస్తుంది. అందుకే రెండూ, కిరణాన్ని లోపలికి చేర్చే సన్నటి తీగ లాంటి ఫైబర్ కొన నుంచి మిల్లీమీటరు కూడా దాటి పెద్దగా పనిచేయవు, రాయికి దాదాపు తాకించి కొట్టాలి. నాళం గోడకు దెబ్బ తగలకుండా కాపాడేది కూడా ఈ గుణమే, కొన గోడ వైపు తిరగనంతవరకు.

హోల్మియం మిషన్ దెబ్బ గట్టిది. కిడ్నీలో వాడే ఫైబర్ మందం 200 మైక్రాన్లు, ఆపైన. పెద్ద మిషన్లకు నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు, ప్రత్యేకమైన కరెంటు లైను కావాలి. థూలియం మిషన్ చిన్నది, గాలితో చల్లబడుతుంది, మామూలు ప్లగ్గుతో నడుస్తుంది. ఫైబర్ 150 మైక్రాన్ల దాకా సన్నగా ఉండొచ్చు. సన్న ఫైబర్ వల్ల లాభం మీకు నేరుగా తగిలేది ఇక్కడే: గొట్టం లోపల ఫైబర్ ఎంత సన్నగా ఉంటే గొట్టం అంత బాగా వంగి కింది అరలోకి తొంగిచూస్తుంది, పక్కనుంచి నీరు కూడా బాగా పారుతుంది. అయినా మలుపు తిరగకపోతే అనుభవమున్న డాక్టరు రాయిని చిన్న తీగబుట్టతో పట్టుకుని పై అరలోకి తెచ్చి అక్కడ కొడతారు. అలా చేసే చేతికి ఏ లేజరైనా ఒకటే.

వాట్ల సంగతి కాస్త విడదీసి చెప్పాలి, బోర్డుల మీద ఎక్కువగా ఊదరగొట్టేది అదే కాబట్టి. ఒక్కో దెబ్బ బలం జౌళ్లలో, సెకనుకు ఎన్ని దెబ్బలో హెర్ట్జ్‌లలో చెబుతారు. రెండూ హెచ్చవేస్తే వాట్లు. 1 జౌలు, 10 హెర్ట్జ్ అంటే 10 వాట్లు, బలమైన దెబ్బలు, తక్కువ సార్లు. రాయి ముక్కలవుతుంది, ముక్కల్ని బుట్టతో ఏరాలి. 0.2 జౌలు, 80 హెర్ట్జ్ అంటే 16 వాట్లు, చిన్న దెబ్బలు, ఎక్కువ సార్లు. రాయి పైపొర పిండిలా రాలుతుంది, ఆ పిండి మూత్రంలో పోతుంది. మొదటిదాన్ని ఫ్రాగ్మెంటింగ్ అని, రెండోదాన్ని డస్టింగ్ అని అంటారు. థూలియం ఒక్కో దెబ్బను 0.025 జౌళ్ల దాకా తగ్గించి, దెబ్బల సంఖ్యను వందల్లోకి పెంచగలదు. అందుకే పిండి చేయడంలో దానిది పైచేయి, రాయి వెనక్కి ఎగిరిపడటమూ తక్కువ. మూత్రనాళంలో ఎగిరిపడ్డ రాయి కిడ్నీలోకి వెళ్లి దాక్కుంటుంది కాబట్టి అదీ లాభమే.

కానీ మిషన్ 120 వాట్లదని నాళంలో 120 వాట్లు వాడరు. సన్నటి నాళంలో 10 వాట్లు దాటాలంటేనే ఆలోచిస్తారు. లోపల నీరు పారకపోతే ఆ వాట్లన్నీ వేడిగా మారి గోడను ఉడికిస్తాయి, కొన్ని నెలలకు అక్కడ నాళం మూసుకుపోతుంది. థూలియం దెబ్బలు ఆగకుండా పడతాయి కాబట్టి ఈ జాగ్రత్త దానికి మరీ అవసరం. దానికి ఇంకొక చిక్కుంది: పిండి బాగా రాలడం వల్ల నీరు ఆగస్టు నెల గోదారి నీరులా కలకబారిపోతుంది, తేటపడేదాకా చెయ్యి ఆపాలి. మసకలో కొట్టడం మొదలుపెడితే ప్రమాదం అక్కడే.

పరీక్షలు ఏమన్నాయి? 2022లో వెలువడిన నార్వే పరీక్షలో 120 మందిని రెండు జట్లుగా చేసి చూస్తే, కిడ్నీలోని రాళ్లు పూర్తిగా పోయినవాళ్లు థూలియంతో 86 శాతం, తక్కువ శక్తి హోల్మియంతో 49 శాతం. మూత్రనాళంలోని రాళ్లకు మాత్రం రెండింటితోనూ నూటికి నూరు. 2023లో అమెరికాలో వెలువడిన ఇంకొక పరీక్షలో థూలియాన్ని 120 వాట్ల కొత్త తరహా హోల్మియంతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

దీన్నిబట్టి నా తీర్పు: మీ రాయి మూత్రనాళంలో ఉంటే థూలియం కోసం ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వొద్దు. కిడ్నీలో 1 నుంచి 2 సెంటీమీటర్ల మధ్య ఉండి, ఒక ఆస్పత్రిలో 20, 30 వాట్ల పాత హోల్మియం, ఇంకొక ఆస్పత్రిలో థూలియమో పెద్ద హోల్మియమో ఉండి, డాక్టర్ల చేతి అనుభవం సమానమైతే, రెండోదానికి కొంత ఎక్కువ ఇవ్వడంలో అర్థముంది. అనుభవం సమానం కాకపోతే అనుభవానికే ఓటు.

ఎస్టిమేట్ కాగితం దగ్గర అడగాల్సినవి

రెండు ఆస్పత్రుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చే ముందు, రెండూ ఒకే సరుకుకి చెప్పిన ధరలేనా చూడాలి. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు:

- నా రాయికి ఏ దారి, ఎందుకు? ఇంకో దారి ఎందుకు కాదు?
- వంగే గొట్టం అదే రోజు సిద్ధంగా ఉంటుందా? నాళంలోని రాయి పైకి జారి కిడ్నీలో పడితే అప్పుడే తీస్తారా, మళ్లీ రావాలా?
- గొట్టం ఒక్కసారి వాడి పారేసేదా, మళ్లీ మళ్లీ వాడేదా? దాని ఖర్చు ఇందులో ఉందా?
- యాక్సెస్ షీత్ (గొట్టం వెళ్లడానికి ముందుగా వేసే తొడుగు), డీజే స్టెంటు, స్టెంటు తీయడం, మత్తు డాక్టరు ఫీజు, రాయి పరీక్ష ఇందులోనివేనా, వేరా?
- రెండో విడత అవసరమైతే ఎంత?
- మీ దగ్గర ‘రాయి పూర్తిగా పోయింది’ అని ఏ పరీక్ష చూసి చెబుతారు?

చివరి ప్రశ్న విలువైనది. అల్ట్రాసౌండ్ చూసి ‘అంతా క్లియర్’ అనడం తేలిక, సీటీ చూసి అనడం కష్టం. ఒకరు 98 శాతం అనీ ఇంకొకరు 85 శాతం అనీ చెబితే, కొలబద్ద ఏమిటో తెలియకుండా మొదటివారు మెరుగని అనుకోలేం.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, మనవాళ్ల నోట ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే, ఉన్నవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లే ముందే ఆస్పత్రిలోని ఆ పథకం కౌంటర్‌లో మీకు చెప్పిన ఆపరేషన్ పేరు చూపించి, అది ప్యాకేజీలో ఉందా, స్టెంటు తీయడం కూడా కలిసే ఉందా అడగండి. పథకం వివరాలకు 104కి ఫోన్ చేయొచ్చు. ‘లేజర్‌కి మాత్రం పైన కట్టండి’ అని నోటిమాటగా అడిగితే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి.

ఆపరేషన్‌కి ముందు వారం

యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో సూక్ష్మజీవులున్నాయేమో చూసే పరీక్ష, లేకుండా థియేటర్‌లోకి వెళ్లకండి. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి వారం ముందే ఇవ్వాలి, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే. మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టాలి. శాంపిల్‌ని రాజోలులో పొద్దున పట్టి, బస్సులో మధ్యాహ్నానికి రాజమండ్రి చేరిస్తే దారిలో సూక్ష్మజీవులు పెరిగి లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు వస్తుంది. ల్యాబు దగ్గరే ఇవ్వండి. సూక్ష్మజీవులు నిజంగా ఉంటే కోర్సు వాడాకే తేదీ. లేజర్ కొడుతున్నంతసేపూ కిడ్నీలోకి ఒత్తిడితో నీళ్లు పంపుతారు, ఆ నీళ్లతో పాటు ఇన్ఫెక్షన్ రక్తంలోకి తోసుకుపోతుంది. ఆపరేషన్ గంటన్నర దాటి సాగితే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. డాక్టరు మధ్యలో ఆపి ‘మిగతాది ఇంకోసారి’ అన్నారంటే తెలివైన పనే చేశారు.

రక్తం పలచబడటానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడేవాళ్లు సొంతంగా ఆపొద్దు, చెప్పకుండా దాచొద్దు. గుండెలో స్టెంటున్నవాళ్లు గుండె డాక్టరు చేత రాయించుకుని రావాలి. ఆస్పిరిన్ మీద ఉండగానే యూఆర్‌ఎస్, ఆర్‌ఐఆర్‌ఎస్ చేయొచ్చు. పీసీఎన్‌ఎల్, షాక్ తరంగాలకు లెక్క వేరు. ఎక్స్‌రేలో కనపడే రాయైతే, ఆపరేషన్ రోజు పొద్దున్నే ఒక ఎక్స్‌రే తీస్తే అది ఉన్నచోటే ఉందో, జారిందో, అసలు పడిపోయిందో తెలుస్తుంది. ఖాళీ నాళంలోకి గొట్టం వేయించుకోవడం కంటే ఆ ఎక్స్‌రే నయం.

ఆపరేషన్ రోజు జరగగల ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. మూత్రనాళం లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు. ఆర్‌ఐఆర్‌ఎస్‌కి ముందుగా వేసే షీత్ బయటి మందం రకాన్నిబట్టి 4 నుంచి 4.7 మిల్లీమీటర్లు. కొందరికి నాళం సాగదు. అప్పుడు బలవంతంగా తోస్తే చీలుతుంది. అందుకని స్టెంటు మాత్రం పెట్టి, ఒకటి రెండు వారాల్లో నాళం దానంతటదే వదులయ్యాక మళ్లీ చేస్తారు. మొదటిసారి చేయించుకునే కుర్రవాళ్లలో ఇది తరచు ఎదురవుతుంది. మత్తు ఇచ్చే ముందు సంతకం పెట్టే కాగితంలో ఈ మాట ఉందో లేదో చూసి, ఇంట్లోవాళ్లకూ చెప్పి ఉంచండి. థియేటర్ బయట గొడవలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

స్టెంటు ఉన్న రోజులు

లోపల లేజర్ ఎంత సున్నితంగా జరిగినా, మీకు గుర్తుండిపోయేది స్టెంటే. కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా, రెండు కొనలూ వంకీ తిరిగి ఉండే సన్నగొట్టం. అది ఉన్నన్నాళ్లూ అరగంటకోసారి మూత్రం రావడం, మూత్రం పోసేటప్పుడు డొక్కలోకి నొప్పి ఎక్కడం, నడిచినప్పుడు మూత్రం ఎర్రబడటం మామూలే. టామ్సులోసిన్, దానితోపాటు మూత్రాశయాన్ని శాంతపరిచే మాత్ర రాయించుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. ఎర్రబడితే నీళ్లు పెంచి పని తగ్గించండి. గడ్డలు గడ్డలుగా రక్తం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, చలితో జ్వరం వచ్చినా ఆగకూడదు.

కొబ్బరి దింపు, వరి మోత, చెరువులో వల లాగడం లాంటి పనులు స్టెంటు తీసేదాకా వద్దు. కూర్చుని చేసే పనైతే రెండు మూడు రోజుల్లో వెళ్లొచ్చు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య ఆపరేషన్ పెట్టుకున్న లంకవాళ్లు, రేవు దాటితే గానీ ఆస్పత్రి అందనివాళ్లు, స్టెంటు ఉన్నన్నాళ్లూ గట్టు ఇవతల చుట్టాలింట్లో ఉండటం మంచిది. వరద రోజు అర్ధరాత్రి జ్వరంతో పడవ కోసం చూసే పరిస్థితి తెచ్చుకోవద్దు.

మామూలుగా స్టెంటు రెండు వారాల అటూ ఇటూలో, మొద్దుబారే జెల్లీ పెట్టి అయిదు నిమిషాల్లో తీసేస్తారు. దాన్ని మరిచిపోవడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. నొప్పి సర్దుకోగానే కోతలో, రొయ్యల పట్టుబడిలో పడి వదిలేసేవాళ్లున్నారు. మూడు నెలలు దాటితే స్టెంటు మీదే రాయి పేరుకుంటుంది. అప్పుడు స్టెంటు తీయడానికే లేజర్ కావాలి, ఒక్కోసారి పీసీఎన్‌ఎల్ కూడా. డిశ్చార్జి కాగితం మీద స్టెంటు తీయాల్సిన తేదీ లేకపోతే రాయించుకోండి. ఆ తేదీని ఫోన్‌లో అలారంగా పెట్టండి, ఇంట్లో క్యాలెండరు మీద కూడా గుండ్రంగా చుట్టండి.

రాయి పోయాక

ముక్క దొరికితే పరీక్షకు పంపించమని ముందే చెప్పి ఉంచాలి. డస్టింగ్ చేసేవాళ్లు అంతా పిండి చేసేస్తారు, చిన్న ముక్క ఒకటి మిగల్చమని అడగకపోతే పరీక్షకు ఏమీ ఉండదు. ఇంట్లో పడే ముక్కల కోసం టీ వడపోసే జల్లెడలోంచి మూత్రం పోసి, పట్టిన ముక్కను ఎండబెట్టి చిన్న డబ్బాలో దాచండి. రాయి ఏ రకమో తెలిస్తేనే మళ్లీ రాకుండా ఏం చేయాలో తెలిసేది. నెల నుంచి మూడు నెలల లోపు మళ్లీ స్కానింగ్, వీలైతే తక్కువ డోసు సీటీ. అల్ట్రాసౌండ్ ఒకటైనా తప్పక చేయించండి, మిగిలిన రాయి కోసమే కాదు, నాళం మూసుకుపోయి కిడ్నీ చప్పుడు లేకుండా వాచిందేమో చూడటానికి.

తిండి విషయంలో పాలు, పెరుగు మానేయకండి. కాల్షియం తగ్గితే పేగుల్లోంచి ఆక్సలేట్ ఎక్కువగా ఎక్కి రాళ్లు పెరుగుతాయి. తగ్గించాల్సింది ఉప్పు. ఎండుచేపలు, ఆవకాయ, రెండు పూటలా ఊరగాయ ఉన్న ఇంట్లో అదే కష్టం. పాలకూర, చుక్కకూర, గోంగూర వారానికి ఒకసారి చాలు, తిన్నప్పుడు పెరుగుతో కలిపి తినండి. కొబ్బరినీళ్లు తాగొచ్చు, క్రియాటినిన్ పెరిగినవాళ్లు మాత్రం పొటాషియం వల్ల డాక్టరుని అడిగి.

నీళ్లు ఎన్ని తాగారో కాదు, మూత్రం ఎంత వచ్చిందో కొలవండి. రోజుకి రెండున్నర లీటర్లు రావాలి. వారంలో ఒక రోజు, పొద్దున లేవగానే మొదటిసారి పోసింది వదిలేసి, అక్కణ్నుంచి మర్నాడు పొద్దున మొదటిసారి దాకా అంతా లీటరు గీతలున్న ప్లాస్టిక్ డబ్బాలో పట్టి చూడండి. రోహిణి కార్తెలో చేలో పనిచేసిన రోజు మూడు లీటర్లు తాగినా లీటరే వస్తుంది, మిగిలింది చెమటలో పోతుంది. అలాంటి రోజులకు అయిదు లీటర్ల క్యాను గట్టు మీద పెట్టుకుని, పడుకునే ముందు ఒక గ్లాసు, రాత్రి మూత్రానికి లేచినప్పుడు ఇంకొక గ్లాసు తాగండి.